ఛానళ్ళకూ కేబుల్ సంస్థలకూ తగవు, పెరిగే బిల్లు మాత్రం మనది: ఎవరి వాటా ఎంత?

లెక్కల మాస్టారు (తెనాలి)

సభ్యులందరికీ నమస్కారం. మా వీధిలో కేబుల్ కనెక్షన్ ఉన్న పెద్దవాళ్ళు చాలామంది రీచార్జి రసీదు తెచ్చి నా చేత లెక్క చూపించుకుంటూ ఉంటారు. ఈ మధ్య అందరూ అడిగేది ఒకటే మాట: చూసే ఛానళ్ళు అవే, బాక్సు అదే, మరి డబ్బు ఎందుకు పెరుగుతోంది?

2019 ఫిబ్రవరి 1న టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త విధానం అమల్లోకి వచ్చినప్పుడు, ఎవరు చూసే ఛానళ్ళకు వారే డబ్బు కడతారని, అక్కరలేనివి వదిలేసుకోవచ్చని చెప్పారు. అప్పటి ధరలతో నేను వేసిన లెక్క ఇది. మొదటి 100 ఛానళ్ళను ఇంటికి చేర్చినందుకు కట్టే నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 153.40. స్టార్ మా, జెమిని, జీ తెలుగు ఒక్కొక్కటి 19 రూపాయలు, ఈటీవీ 17 రూపాయలు, వెరసి 74, పన్నుతో 87.32. అంటే తెలుగువారి ఇంట్లో తప్పనిసరి అనుకునే నాలుగు ఛానళ్ళకూ కలిపి నెలకు 240.72 రూపాయలు చాలు. మా వీధిలో ఒక్క ఇంటికి కూడా ఈ లెక్కన రసీదు రాలేదు. అందరి బాక్సుల్లోనూ ప్యాకులే ఉన్నాయి, వాటిలో ఎవరూ తెరిచి చూడని ఛానళ్ళు పదుల సంఖ్యలో ఉన్నాయి.

ఇక 2024 జులైలో ట్రాయ్ ఆ 130 రూపాయల పరిమితిని కూడా ఎత్తివేసింది. ఆ పరిమితి పోయాక మా ఊళ్ళో రేటు ఎలా నిర్ణయిస్తున్నారో అడిగితే సమాధానం చెప్పేవారు కనబడలేదు. ఈ వ్యాపారం లోపలి సంగతులు తెలిసినవారు ఇక్కడ ఉన్నారని తెలుసు. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, ఛానళ్ళ సంస్థలూ కేబుల్ సంస్థలూ తగవు పడినప్పుడల్లా చివరికి మన రసీదే ఎందుకు మారుతుందో వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

కేబుల్ ఆపరేటర్ (నల్గొండ జిల్లా)

మాస్టారు గారూ, మీ లెక్క సరైనదే. నేను స్తంభం నుంచి ఇంటికి వైరు లాగే ఆపరేటర్‌ని, అనలాగ్ రోజుల నుంచీ ఈ పనిలోనే ఉన్నాను, కాబట్టి మా వైపు సంగతి చెబుతాను.

19 రూపాయల ఛానల్‌ను తీసుకోండి. మీరు పన్నుతో 22.42 కడతారు. పన్ను పోగా మిగిలిన 19లో 80 శాతం, అంటే 15.20 రూపాయలు ఛానల్ యజమానికి వెళ్తాయి. పంపిణీ రుసుము కింద మిగిలే 3.80ని ఎంఎస్‌ఓ (మా లాంటి ఆపరేటర్లకు సిగ్నల్ అందించే పెద్ద కేబుల్ సంస్థ), నేను పంచుకుంటాం. వేరే ఒప్పందం లేకపోతే ఎంఎస్‌ఓకు 55, ఆపరేటర్‌కు 45 అన్నది ట్రాయ్ నమూనా ఒప్పందంలోని నిష్పత్తి. అంటే ఎంఎస్‌ఓకు 2.09, నాకు 1.71. నెట్‌వర్క్ రుసుము 130లో ఇదే నిష్పత్తిన నాకు వచ్చేది 58.50. వైరు తెగినా, పిడుగు పడి యాంప్లిఫయర్ కాలినా, అర్ధరాత్రి ఫోన్ వచ్చినా, వసూలుకు తిరిగే కుర్రవాడి జీతమైనా ఆ వాటాల్లోంచే గడవాలి.

అందరి బాక్సుల్లోనూ ప్యాకులే ఉన్నాయన్నారు, మరి విడి ఛానళ్ళు ఎందుకు ఇవ్వరన్నది మీ మాటల్లో ఉన్న ఇంకో ప్రశ్న. ఇవ్వకూడదని ఎవరూ అనరు, అడిగితే ఇవ్వాలి కూడా. కానీ మా లాగిన్‌లో బాక్సు నంబరు కొట్టగానే పైన కనిపించేవి ఎంఎస్‌ఓ తయారుచేసిన ప్యాకులు. విడి ఛానళ్ళ పట్టిక లోపలి పేజీలో ఉంటుంది, ఒక్కొక్కదానికీ టిక్ పెట్టుకుంటూ పోవాలి. గుమ్మంలోకి వెళ్ళినప్పుడు ఇంటావిడ, తెలుగువన్నీ వచ్చేటట్టు వేయి బాబూ అంటారు. నేను ప్యాకు వేసి వచ్చేస్తాను.

ఇంకో సంగతి ఉంది. 20 శాతం పంపిణీ రుసుము మీద ఛానల్ సంస్థ మరో 15 శాతం దాకా ప్రోత్సాహకం ఇవ్వవచ్చు. ఎన్ని ఇళ్ళకు ఆ ఛానళ్ళు చేరాయన్నదాన్ని బట్టి ఆ ప్రోత్సాహకం ఉంటుంది. కాబట్టి ఎంఎస్‌ఓ తన ప్రతి బాక్సులోనూ ఆ సంస్థ బొకే (కొన్ని ఛానళ్ళను కలిపి ఒకే ధరకు అమ్మే కట్ట) ఉండేలా చూసుకుంటాడు. మీ వీధిలో అందరికీ ఒకే రకం ప్యాకులు కనిపించడానికి ఇది పెద్ద కారణం.

విశాఖ శ్రోత

2013లో రెండో దశ డిజిటలీకరణ కింద హైదరాబాద్, విశాఖపట్నంలలో బాక్సులు తప్పనిసరి చేసినప్పుడు కూడా ఇదే వాగ్దానం విన్నాం. ఎవరెవరు ఏ ఛానల్ తీసుకున్నారో బాక్సు లెక్క చెబుతుంది, దొంగ లెక్కలు పోతాయి, అందువల్ల ధర తగ్గుతుందన్నారు. బాక్సు డబ్బు మేమే కట్టాం. లెక్క స్పష్టమైన మాట నిజమే, ఆ స్పష్టత వల్ల లాభపడింది మాత్రం ఛానళ్ళూ, ప్రభుత్వ పన్నుల శాఖలూ.

పంపిణీ విభాగం మాజీ ఉద్యోగి (బెంగళూరు)

నేను ఒక ప్రసార సంస్థలో పంపిణీ విభాగంలో పనిచేసి బయటికి వచ్చినవాడిని. ఛానళ్ళ పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉంది, దాన్ని చెప్పకపోతే చర్చ ఒకవైపే నడుస్తుంది.

ఈ దేశంలో టీవీ ధరలను చాలాకాలంగా ప్రభుత్వమే కట్టిపెట్టింది. 2003 డిసెంబరు 26న ఉన్న రేట్లనే పరిమితిగా పెట్టి 2004లో ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత డిజిటలీకరణ జరిగింది, అయినా బొకేలో చేరే ఏ ఛానల్ ధరా 19 రూపాయలు దాటకూడదని 2017లో నియమం పెట్టారు. 2020 జనవరి 1న దాన్ని 12 రూపాయలకు తగ్గించారు. ఒక ధారావాహికకు, ఒక రియాలిటీ షోకు, ఒక కొత్త సినిమా హక్కులకు అయ్యే ఖర్చు ఆ మధ్య కాలంలో ఎంత పెరిగిందో తెలుగు పరిశ్రమతో పరిచయం ఉన్నవారికి చెప్పనవసరం లేదు. క్రీడలైతే చెప్పనే అక్కరలేదు. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్ల ఐపీఎల్ టీవీ హక్కులకు డిస్నీ స్టార్ ఒప్పుకున్న మొత్తం 23,575 కోట్ల రూపాయలు. 410 మ్యాచ్‌ల లెక్కన ఒక్కో మ్యాచ్‌కు 57.5 కోట్లు. ఇందులో కొంత ప్రకటనల నుంచి వస్తే కొంత చందాల నుంచే రావాలి.

ఇక పంపిణీ సంస్థలు పాపం అమాయకులన్న అభిప్రాయం కూడా సరికాదు. తక్కువ ఆదరణ ఉన్న ఛానల్‌ను మోసినందుకు అవి ఛానళ్ళ దగ్గర రవాణా రుసుము వసూలు చేస్తాయి. 2017 నియమాల్లో దానికి పరిమితి పెట్టకముందు, ముఖ్యంగా వార్తా ఛానళ్ళు, ఎంఎస్‌ఓ అడిగినంత ఇచ్చుకునేవి. ఆ నియమాల్లో సాధారణ ఛానల్‌కు నెలకు ఒక్కో చందాదారుకు 20 పైసలు మించకూడదని, 20 శాతం ఇళ్ళు దాన్ని తీసుకుంటే అసలు వసూలు చేయకూడదని పెట్టారు.

లెక్కల మాస్టారు (తెనాలి)

బెంగళూరు మిత్రులకు కృతజ్ఞతలు. ఖర్చు పెరిగిన మాట ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ధర మీద కాదు, ధర కట్టే పద్ధతి మీద.

2022 నవంబరు 22న వచ్చిన సవరణ ప్రకారం బొకే మీద 45 శాతం దాకా తగ్గింపు ఇవ్వవచ్చు. ఊహకు ఒక సంస్థ దగ్గర ఐదు ఛానళ్ళు ఉన్నాయనుకుందాం: ప్రధాన ఛానల్ 19, సినిమాలది 8, పాటలది 6, పాత కార్యక్రమాలది 4, ఇంకొకటి 3. విడివిడిగా కొంటే 40. అందులో 45 శాతం తగ్గిస్తే బొకే 22 రూపాయలు. 19 పెట్టి ఒక ఛానల్ కొనేవాడు మరో 3 పెడితే ఐదూ వస్తాయి. అప్పుడు ఒక్కటే కొనే మనిషి ఎవరుంటారు? విడి ధర వినియోగదారుడు కొనడం కోసం పెట్టిన ధర కాదు, బొకేను చవకగా చూపించడం కోసం పెట్టిన ధర. నాలుగు సంస్థల బొకేలూ అలాగే తీసుకుంటే మొత్తం ఎంతవుతుందో చూడండి. 2019లో ఈటీవీ కుటుంబం 24, స్టార్ తెలుగు ప్యాకు 39, సన్ వారి తెలుగు ప్యాకు 30, జీ వారిది 20. అన్నీ కలిపి 113; పన్నుతో 133.34. నేను మొదట చెప్పిన 87.32కు బదులు ఇది వచ్చి చేరింది. ఇంటివాళ్ళు చూసేది మాత్రం ఆ నాలుగు ఛానళ్ళనే.

హైదరాబాద్ న్యాయవాది

ఈ విషయంలో కోర్టుల్లో నడిచిన వ్యవహారం కొంత క్రమంగా చెబితే చర్చకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

2017 మార్చి 3న ట్రాయ్ ధరల ఉత్తర్వునూ, అనుసంధాన నియమాలనూ (ఛానళ్ళకూ పంపిణీ సంస్థలకూ మధ్య ఒప్పందాల నియమాలు) కలిపి ప్రకటించింది. వాటిని రూపొందించే అధికారమే ట్రాయ్‌కు లేదని స్టార్ ఇండియా, విజయ్ టీవీ మద్రాసు హైకోర్టుకు వెళ్ళాయి. కార్యక్రమం అనేది రచయిత హక్కుల (కాపీరైట్) చట్టం కింద తమ సొత్తు అనీ, దాని ధర తామే పెట్టుకోవాలనీ వారి వాదన. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి ట్రాయ్ అధికారాన్ని నిలబెట్టింది. అలా 2019 ఫిబ్రవరి నుంచి అమలు మొదలైంది. ఆ నెలలోనే క్రిసిల్ అనే రేటింగ్ సంస్థ ఒక అంచనా ఇచ్చింది: ఆదరణ ఉన్న పది ఛానళ్ళు తీసుకునేవారి బిల్లు 230–240 నుంచి సుమారు 300కు పెరుగుతుందనీ, ఐదింటితో సరిపెట్టుకునేవారికి తగ్గుతుందనీ. ట్రాయ్ ఆ అంచనాను అంగీకరించలేదు.

మరుసటి ఏడాది ట్రాయ్ తానే మళ్ళీ ఉత్తర్వును సవరించింది. 130 రూపాయలకు 200 ఛానళ్ళు ఇవ్వాలని, అన్ని ఛానళ్ళకూ కలిపి 160 మించరాదని, ఇంట్లో రెండో టీవీకి అందులో 40 శాతమే వసూలు చేయాలని చెప్పింది. ఇవి వినియోగదారుకు మేలు చేసినవే. దానితో పాటు బొకేలో చేరే ఛానల్ ధర 12కు తగ్గించడంతో ఛానళ్ళ సంస్థలు బొంబాయి హైకోర్టుకు వెళ్ళాయి. 2021 జూన్ 30న ఆ కోర్టు చాలా భాగం ట్రాయ్ వైపే తీర్పు చెప్పింది. అప్పుడు సంస్థలు ఏం చేశాయన్నది గమనించండి. జనం ఎక్కువగా చూసే ఛానళ్ళను బొకేల్లోంచి బయటికి తీసి, 12కన్నా ఎంతో ఎక్కువ విడి ధరలు ప్రకటించాయి. నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే వినియోగదారు బిల్లు పెంచే దారి అది. చివరికి ట్రాయ్ ఆ భాగాన్ని అమలు చేయకుండా వాయిదా వేస్తూ వచ్చి, 2022 నవంబరులో 19 రూపాయల పరిమితికే తిరిగి వెళ్ళింది.

ఇందులో నాకు బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. ఇన్నేళ్ళ వ్యాజ్యాల్లో ఒక పక్క ఛానళ్ళు, మరో పక్క నియంత్రణ సంస్థ, మధ్యలో పంపిణీ సంస్థలు. నెలనెలా డబ్బు కట్టే చందాదారుడు వాదిగానూ ప్రతివాదిగానూ లేడు. ఈ తగవులు విచారించే ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్ళాలంటే కూడా వినియోగదారులు సమూహంగా వెళ్ళాలి, ఒక్కరుగా అయితే వినియోగదారుల కమిషన్‌కే పోవాలి.

రామగుండం గృహిణి

న్యాయవాది గారు చెప్పినవన్నీ నాకు కొత్త విషయాలు. నాకు తెలిసింది 2023 ఫిబ్రవరి 18, శనివారం. ఆ రోజు మహాశివరాత్రి. మా అత్తగారు ఉపవాసం ఉండి జాగారం చేస్తారు, మోకాళ్ళ నొప్పుల వల్ల గుడికి వెళ్ళలేరు కాబట్టి రాత్రంతా టీవీ ముందే కూర్చుంటారు. మా వారు ఢిల్లీలో ఆస్ట్రేలియాతో జరుగుతున్న టెస్టు చూస్తున్నారు. స్టార్ స్పోర్ట్స్ ఆగిపోయింది, స్టార్ మా రాలేదు, జీ తెలుగు రాలేదు. రిమోట్ పాడైందేమోనని ఆవిడ సెల్లులు మార్పించారు. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే, మా చేతిలో లేదక్కా, పైనుంచే సిగ్నల్ తీసేశారు అన్నాడు. ఎంతకాలమని అడిగితే తెలియదన్నాడు. ముందుగా తెర మీద ఏ ప్రకటనా మేము చూడలేదు. ఆ నెల డబ్బు అప్పటికే కట్టి ఉన్నాం.

ఛానళ్ళు తిరిగి వచ్చాక రీచార్జి పెరిగింది. ఆగిపోయిన రోజులకు ఒక్క రూపాయి తగ్గించలేదు. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్నది వాళ్ళ మధ్య వ్యవహారం, మేము కట్టిన డబ్బుకు మాకు రావలసింది ఎందుకు ఆపారన్నది నా ప్రశ్న.

హైదరాబాద్ న్యాయవాది

అమ్మా, ఆ సంఘటన వెనుక సంగతి ఇది. 2023 ఫిబ్రవరి 1 నుంచి కొత్త ధరలు అమల్లోకి వచ్చాయి. డిస్నీ స్టార్, జీ, సోనీ సంస్థలు కొత్త ధరలతో ఒప్పందం మీద సంతకం చేయమని కేబుల్ సంస్థలకు నోటీసు ఇచ్చి, చేయనివారికి 18న సిగ్నల్ ఆపేశాయి. సంతకం చేయనివారు అఖిల భారత డిజిటల్ కేబుల్ సమాఖ్య సభ్యులు. తమ పరిధిలోని సుమారు 4.5 కోట్ల ఇళ్ళపై ప్రభావం పడిందని, కొత్త ధరలు 18 నుంచి 35 శాతం దాకా పెరిగాయని ఆ సమాఖ్య చెప్పింది. ఛానళ్ళ సంఘం అంత పెరుగుదల లేదని, డీటీహెచ్‌లన్నీ, చాలా కేబుల్ సంస్థలూ ఇప్పటికే సంతకాలు చేశాయని జవాబిచ్చింది. కేరళ హైకోర్టులో వ్యాజ్యం ఉండగానే ఇదంతా జరిగింది. వారం తిరగకముందే సమాఖ్య సభ్యులు సంతకాలు చేశారు, సిగ్నల్ వచ్చింది.

పండుగ, క్రికెట్ ఉన్న రోజున ఆపడం వల్ల ఒత్తిడి ఎవరి మీద పడుతుందో రెండు పక్షాలకూ తెలుసు. మీ అత్తగారి లాంటి లక్షలాదిమంది ఆపరేటర్‌కు ఫోన్ చేయడమే ఆ బేరంలో అసలైన బలం.

పంపిణీ విభాగం మాజీ ఉద్యోగి (బెంగళూరు)

ఒక్క సవరణ. ఆపడం ఛానళ్ళ గుత్తసొత్తు కాదు. 2018 అక్టోబరు 1న టాటా స్కై తానే సోనీ సంస్థ ఛానళ్ళను తన వేదిక నుంచి తీసివేసింది. బేరం ఎక్కడ కుదరకపోతే అక్కడ బలం ఉన్నవారు ఆ పని చేస్తారు. నేను పనిచేసిన రోజుల్లో, సంతకం తేదీ దగ్గర పడుతున్నకొద్దీ ముందున్న పెద్ద మ్యాచ్‌ల తేదీలు, ప్రధాన షోల ప్రారంభ తేదీలు రాసిన కాగితం రెండు వైపుల బల్లల మీదా ఉండేది. రామగుండం సోదరి అడిగిన ప్రశ్నకు మాత్రం నా దగ్గర సమర్థన లేదు. ఆగిన రోజులకు డబ్బు తీసుకోకూడదు.

డాలస్ ప్రవాసి

అమెరికాలో ఇదే కథ ఇంకా పెద్ద అంకెలతో నడుస్తోంది కాబట్టి పోలిక కోసం రాస్తున్నాను. 1992 కేబుల్ చట్టం వల్ల ఇక్కడి స్థానిక టీవీ స్టేషన్లకు తమ సిగ్నల్ పంపిణీకి అనుమతి రుసుము అడిగే హక్కు వచ్చింది. ఒప్పందం గడువు తీరిన రాత్రి ఛానళ్ళు మాయమవడం ఇక్కడ మామూలైపోయింది. 2023 ఆగస్టు 31న చార్టర్ అనే కేబుల్ సంస్థ చందాదారులకు, అప్పట్లో వారు కోటిన్నరకు దగ్గరగా ఉండేవారు, డిస్నీ ఛానళ్ళు పోయి సెప్టెంబరు 11న వచ్చాయి. 2024 సెప్టెంబరులో శాటిలైట్ టీవీ సంస్థ డైరెక్‌టీవీకి అదే జరిగింది. 2025 అక్టోబరు 30న యూట్యూబ్ టీవీలో (ఇంటర్నెట్ మీద టీవీ ఛానళ్ళు ఇచ్చే చందా సేవ) డిస్నీ వారి ఈఎస్‌పీఎన్, ఏబీసీ ఆగిపోయి నవంబరు 14న తిరిగి వచ్చాయి. ప్రతిసారీ ఫుట్‌బాల్ సీజన్‌లోనే.

కేబుల్ ఖరీదు భరించలేక నేను యూట్యూబ్ టీవీకి మారినవాడిని. 2017లో అది మొదలైనప్పుడు నెలకు 35 డాలర్లు, 2025 జనవరి నుంచి 82.99 డాలర్లు. అయితే రామగుండం వారి ప్రశ్నకు సంబంధించి ఒక విషయం: ఆ రెండు వారాల అంతరాయానికి యూట్యూబ్ టీవీ చందాదారులకు 20 డాలర్ల తగ్గింపు ఇచ్చింది. ఏ చట్టమూ బలవంతపెట్టి ఇప్పించింది కాదు, చందాదారులు వెళ్ళిపోతారన్న భయంతో ఇచ్చింది. ఇక్కడ కుదిరినది మన దేశంలో ఎందుకు కుదరదన్నది ఆలోచించవలసిన సంగతి.

కేబుల్ ఆపరేటర్ (నల్గొండ జిల్లా)

డాలస్ అన్న చెప్పిన భయం ఇక్కడ కూడా మొదలైంది. ట్రాయ్ లెక్కల ప్రకారమే డబ్బు కట్టే డీటీహెచ్ చందాదారులు 2024 మార్చిలో 6.2 కోట్లకు దగ్గరగా ఉండగా 2025 మార్చికి 5.7 కోట్ల లోపుకు వచ్చారు. కేబుల్‌లో మా పరిస్థితి ఇంకా బలహీనం. తెలుగు వార్తా ఛానళ్ళన్నీ యూట్యూబ్‌లో ఉచితంగా ప్రత్యక్షంగా వస్తున్నాయి. ధారావాహికలు ఆయా సంస్థల యాప్‌లలో వస్తున్నాయి, వాటి ధర మీద ట్రాయ్ అదుపు లేదు. పిల్లలు ఫోన్లలో చూస్తారు, బాక్సు ఇంట్లో పెద్దవాళ్ళ కోసమే నడుస్తోంది. వాళ్ళు చనిపోతే ఆ నెలలోనే కనెక్షన్ తీసేయమని ఫోన్ వస్తుంది.

చందాదారులు తగ్గినకొద్దీ మిగిలినవారి మీద ధర పెంచడం తప్ప ఛానళ్ళకు వేరే ఆలోచన కనిపించడం లేదు. పెంచినకొద్దీ ఇంకొందరు పోతారు. 2024 నవంబరు 14న రిలయన్స్, డిస్నీ వ్యాపారాలు కలిసి జియోస్టార్ అయ్యాక, స్టార్ మా, స్టార్ స్పోర్ట్స్, కలర్స్ ఒకే చేతిలోకి వెళ్ళాయి. వాటన్నింటినీ వదులుకుని ఏ ఎంఎస్‌ఓ అయినా ఒక నెల నిలబడగలడా? ఇక బేరం ఏముంటుంది?

పాతపట్నం రైతు

మా ఊళ్ళో చాలామంది కేబుల్ మానేసి డీడీ ఫ్రీ డిష్ పెట్టుకున్నారు. ఒకసారి డిష్, బాక్సు కొంటే నెలవారీ డబ్బు లేదు. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి వస్తాయి, వ్యవసాయ కార్యక్రమాలకు అవి చాలు. ఆడవాళ్ళకు మాత్రం జెమిని, స్టార్ మా లేక ఇబ్బందిగా ఉంది.

హైదరాబాద్ న్యాయవాది

రైతు గారు చెప్పినదానికి సంబంధించిన నియమం ఒకటి 2024 జులై సవరణలో ఉంది. ఒక ఛానల్ ఫ్రీ డిష్‌లో ఉచితంగా వస్తుంటే అదే ఛానల్‌కు కేబుల్‌లోనో, ప్రైవేటు డీటీహెచ్‌లోనో డబ్బు వసూలు చేయకూడదు. ఒకచోట ఉచితం, మరోచోట ధర అన్న అన్యాయం పోవాలన్నది దాని ఉద్దేశం. అయితే దీనివల్ల చందా ఆదాయం ఉన్న పెద్ద తెలుగు ఛానళ్ళు ఫ్రీ డిష్ వైపు రావడానికి ఇంకా వెనుకాడతాయని నా అభిప్రాయం. హిందీలో పాత కార్యక్రమాలకు వేరే ఛానళ్ళు పెట్టి ఫ్రీ డిష్‌కు ఇచ్చిన సంస్థలు తెలుగులో ఆ ప్రయత్నం పెద్దగా చేయలేదు.

అదే సవరణలో నెట్‌వర్క్ రుసుము పరిమితి ఎత్తివేశారు. ప్రాంతాన్ని బట్టి, చందాదారుల వర్గాన్ని బట్టి వేర్వేరు రుసుములు పెట్టుకోవచ్చు. ప్రకటించి తీరాలి, అంతే. రెండో టీవీకి ఉన్న 40 శాతం హద్దు కూడా పోయింది. పోటీయే ధరను అదుపు చేస్తుందని ట్రాయ్ భావించింది. ఒకే ఎంఎస్‌ఓ వైరు ఉన్న మండలంలో ఆ పోటీ ఎక్కడుందో నాకు అర్థం కాదు.

విశాఖ శ్రోత

పోటీ కోసం ప్రభుత్వమే దిగిన ఉదాహరణ మన ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోను, టీవీ మూడూ ఇచ్చింది. ఆ ధర నిలవలేదు. పే ఛానళ్ళకు కట్టవలసిన డబ్బు ప్రభుత్వ సంస్థకైనా తప్పదు కదా.

లెక్కల మాస్టారు (తెనాలి)

ఇప్పటిదాకా వచ్చిన సమాధానాలతో నాకు ఒక విషయం స్పష్టమైంది. తగవు పెట్టుకునే ఇద్దరికీ ఆగిన రోజుల నష్టం ఏదో ఒక రూపంలో తిరిగి వస్తుంది, చందాదారుడికే రాదు. నేను ఒక లెక్క వేశాను. 39 రూపాయల ప్యాకు ఉన్న ఇంట్లో ఐదు రోజులు ఛానళ్ళు ఆగితే తిరిగి రావలసింది 6.50, పన్నుతో 7.67. ఒక్క ఇంటికి చిన్న మొత్తమే, అందుకే ఎవరూ అడగరు. సమాఖ్య చెప్పిన 4.5 కోట్ల ఇళ్ళలో సగానికి ఆ ప్యాకు ఉందనుకున్నా, పన్ను కాక 14 కోట్ల రూపాయలు దాటుతుంది. ఈ మొత్తాన్ని సిగ్నల్ ఆపినవారే తిరిగి ఇవ్వాలన్న నియమం ఉంటే, ఆపే ముందు రెండు పక్షాలూ ఇంకో వారం కూర్చుని మాట్లాడుకుంటాయని నా నమ్మకం.

కేబుల్ ఆపరేటర్ (నల్గొండ జిల్లా)

మాస్టారు గారూ, మీ ఆలోచన మంచిదే, కానీ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో కూడా రాయించండి. రీచార్జి కొట్టగానే ఎంఎస్‌ఓ వాటా, ఛానల్ వాటా మా వాలెట్‌లోంచి ముందే కోసుకుంటారు. మేము తర్వాత ఇళ్ళకు తిరిగి వసూలు చేసుకోవాలి. 2023లో ఆ వారం డబ్బు ఇవ్వమని భీష్మించుకున్న ఇళ్ళకు నేను నా చేతి నుంచే తగ్గించాను. పైనుంచి నాకు ఒక్క పైసా రాలేదు. నియమం పెట్టేటప్పుడు తగ్గింపు నేరుగా చందాదారుడి బాక్సు ఖాతాలోకే పడేలా పెట్టాలి, అప్పుడే ఆపరేటర్ మధ్యలో నలగడు.

హైదరాబాద్ న్యాయవాది

ఈ రెండు అంశాలనూ కలిపి ఒక విన్నపం రాస్తున్నాను. ఒకటి, సిగ్నల్ ఆపేముందు తెర మీద ప్రకటన కనీసం పదిహేను రోజులు కనిపించాలి, ఒప్పందం గడువు ముగిసిందన్న సాకు దానికి అడ్డు రాకూడదు. రెండు, ఆగిన ప్రతి రోజుకూ ఆ ఛానల్ లేదా బొకే ధర చందాదారుడి ఖాతాలో తనంతట తాను జమ కావాలి. ధరల ఉత్తర్వు మీద ట్రాయ్ తదుపరి సంప్రదింపుల పత్రం విడుదల చేసినప్పుడు ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. సంస్థల నుంచి వందల పేజీలు వెళ్తాయి, చందాదారుల నుంచి వెళ్ళేవి చాలా తక్కువ. మాస్టారు గారి వీధిలోని రసీదులు, పేర్లూ బాక్సు నంబర్లూ కొట్టివేసి, అనుబంధంగా జతచేస్తే బాగుంటుంది. 2023 ఫిబ్రవరి, మార్చి నెలల రసీదులు ఇప్పటికీ దాచుకున్నవారు ఉంటే వాటి అవసరం మరీ ఎక్కువ.

రామగుండం గృహిణి

మా అత్తగారు అన్ని రసీదులూ క్యాలెండరు వెనుక మేకుకు గుచ్చి ఉంచుతారు. ఆ రెండు నెలలవీ ఉన్నాయి, ఫొటో తీసి రేపు పెడతాను.